నడిమి దొంగ భుజాన బిడ్డ

ఆ వేసవి మొదట్లో మా జీపు ఎడమవైపు అద్దం రెండుసార్లు పగిలింది. మొదటిసారి లారీవాడెవడో గీరుకుపోయాడని చెప్పాడు మా ఆయన. రెండోసారి నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. కొత్త అద్దం బిగించుకొచ్చి, దాన్ని గుడ్డతో తుడుస్తూ చాలాసేపు వాకిట్లో నిలబడ్డాడు. అప్పుడే అడిగి ఉండవలసింది. పెళ్ళయి పదహారేళ్ళయినా కొన్ని మాటలు అడగడానికి నాకు నోరు రాదు.

ఆయన పేరు టైటస్. చింతపల్లి ఘాట్‌లో ఇరవై రెండేళ్ళు సర్వీసు జీపు తోలాడు. పన్నెండు మంది పట్టే బండిలో పద్దెనిమిది మందిని సర్ది, వెనక ఇద్దరిని వేలాడదీసి, కోళ్ళ బుట్టలు పైన కట్టి, ఏ ఒక్కరికీ చిన్న దెబ్బ కూడా తగలకుండా దింపిన మనిషి. "టైటస్ కళ్ళు మూసుకుని ఘాట్ దిగుతాడు" అని సంతలో జనం చెప్పుకుంటుంటే నేను పొంగిపోయేదాన్ని. మిరియాల తోటలో పనికి వెళ్ళినప్పుడు తోటి ఆడవాళ్ళకి ఆ మాట నేనే మళ్ళీ మళ్ళీ గుర్తుచేసేదాన్ని కూడా.

ఏప్రిల్ ఆఖరున మా అమ్మాయి జాయ్స్ హాస్టలు నుంచి సెలవులకి వచ్చింది. తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయాయి. వచ్చిన రెండో రోజే కరెంటు పోయింది. చీకటి పడి గంటయింది. మా అత్త తెరిసమ్మ, నేనూ వాకిట్లో చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాం. చేతులకి అలవాటైన పని, దానికి వెలుతురు అక్కర్లేదు. టైటస్ నులక మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు.

"నాన్నా, నడిమి దొంగ బిడ్డని సూపించు," అంది జాయ్స్ ఆయన కాళ్ళ దగ్గర చతికిలబడి.

ఉత్తరాన కనపడే ఆ ఏడు చుక్కల్ని మా ఇంట్లో ముసలమ్మ మంచం అంటాం. నాలుగు చుక్కలు మంచం కోళ్ళు. వెనకనున్న మూడూ దొంగలు, మంచాన్ని ముసలమ్మతో సహా లాక్కుపోతుంటారు. నడిమి దొంగ ఆడమనిషి. చంటిబిడ్డని ఇంటి దగ్గర వదల్లేక దొంగతనానికి కూడా వెంట తెచ్చుకుంది. ఆ పెద్ద చుక్కని అంటిపెట్టుకుని ఒక చిన్న చుక్క ఉంటుంది, అదే బిడ్డ. మైదానంలో పెళ్ళికూతుళ్ళకి అరుంధతి అని చూపించేది కూడా దాన్నే.

టైటస్ చెయ్యెత్తాడు. వేలు సరిగ్గా అటే చూపిస్తోంది.

"అదిగో. దొంగ భుజం మీదెక్కి కూసుంది సూడు బిడ్డ. కనపడతందా?"

"భుజం మీదేటి నాన్నా? కింద ఏలాడతంది కదా. సంకలోంచి జారిపోతన్నట్టుంది."

"సదివి సదివి గుంటకి కళ్ళు పోయాయి. ఫ్లోరెన్సూ, దీన్ని బేగి కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళాల."

అందరం నవ్వాం. నేను తలెత్తి చూశాను. బిడ్డ కిందే ఉంది. కూతుర్ని ఆటపట్టిస్తున్నాడనుకున్నాను.

"అవి రెండు సుక్కలు కావంట నాన్నా," అంది జాయ్స్. "మా సైన్సు టీచరు సెప్పారు. మనకి రెండే కనపడతాయి గానీ లోపల ఆరున్నాయంట. ఒకదాని సుట్టూ ఒకటి తిరుగుతాయంట."

"ఆరుగురా! ఒక్క కుక్కి మంచానికి అంతమంది దొంగలేటే?" అంది మా అత్త. మళ్ళీ నవ్వులు. అయితే అంతకు ముందు, టైటస్ భుజం మీదెక్కి కూసుంది అన్నప్పుడు, ఆవిడ చేతులు చింతపండు మీద ఆగిపోవడం నేను గమనించాను. మా అత్త పని ఆపడం అరుదు. ప్రార్థనలో కూడా ఆవిడ చేతులు ఏదో ఒకటి ఒలుస్తూనే ఉంటాయి.

ఆ రోజు నుంచి నా కళ్ళు ఆయన వెంట పడ్డాయి. సాయంత్రం ఆఖరి ట్రిప్పు మానేశాడు. జనం లేరన్నాడు. సంత రోజున జనం లేకపోవడమేమిటి? పొద్దు వాలేలోపు బండి వాకిట్లో ఉంటోంది. చీకటి పడ్డాక ఆయన కాలు బకెట్టుకి తగులుతోంది, తిట్లు బకెట్టుకి పడుతున్నాయి. కరెంటు లేనిరోజు అన్నం పెడితే, వేళ్ళు ముందు కంచం అంచు తడిమి ఆ తర్వాత అన్నం మీదకి వస్తున్నాయి. ఇవన్నీ ఎన్నాళ్ళ నుంచి జరుగుతున్నాయో నాకు తెలియదు. ఒక కప్పు కింద ఉంటూ ఇంత చూడకుండా ఉన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

సరిగ్గా అప్పుడే మా అన్న ఎలీయేజరు శుభలేఖలు పట్టుకుని వచ్చాడు. ఆయన కూతురు రమణి పెళ్ళి. మే రెండో వారంలో, అడ్డతీగలలో, పెళ్ళికొడుకు వాళ్ళ చర్చిలో. పొద్దున్నే బయల్దేరి వెళ్ళి, భోజనాలయ్యాక తిరిగి రావాలి. దారంతా అడవి, ఆపైన ఘాట్, మూడు గంటలకి తక్కువ పట్టదు.

"బస్సు మాటాడతానంటే రమణి ఊరుకోలేదు బావా. టైటస్ మావయ్య జీపులోనే ఎల్తానని కూసుంది."

రమణికి ఐదేళ్ళప్పుడు టైటస్ తన ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టుకోనిచ్చి, నీ పెళ్ళికి బండి నేనే తోలతానని మాటిచ్చాడు. పిల్లలు ఇలాంటివి మరిచిపోరు.

"ఇంకెవుడు తోలతాడో సూత్తాను," అన్నాడు టైటస్. ఆ ముఖం వెలిగిపోయింది.

"తిరిగొచ్చేసరికి సీకటి పడిపోద్దేమో," అన్నాను నేను.

"ఘాట్ గురించి నాకు సెప్తన్నావేటి?" అన్నాడు. మా అన్న పెద్దగా నవ్వాడు. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయాను.

మర్నాడు మా అత్త చోడి పిండి జల్లిస్తుంటే పక్కన కూర్చున్నాను.

"అత్తా, ఆ రోజు చింతపండు కాడ సెయ్యి ఆపేసినావు. ఏటి?"

జల్లెడ ఆగలేదు. ఆవిడతో తొందరపడితే పని జరగదు, అందుకని కూర్చునే ఉన్నాను. పిండి సగమయ్యాక మొదలుపెట్టింది.

"నాను కాపరానికి వచ్చిన కొత్తల్లో రాత్రేళ చేను కాపలాకి మగోళ్ళని పంపీవోరు, అడివి పందులొత్తాయని. ఎవుడ్ని పంపాలన్నది మా మావ సూసీవోడు. కుర్రోళ్ళని వరసగా నిలబెట్టి, బిడ్డ ఎటుందిరా అని అడిగీవోడు. ఎక్కడుందీ అని అడగడు. ఎక్కడుందో గుడ్డోడు కూడా అలవాటున సెయ్యెత్తి సూపించేత్తాడు. ఎటుందీ అని అడగాల. మాపటేల బిడ్డ కింద ఏలాడతాది. నడిరాత్రికి పక్కకొత్తాది. తెల్లారగట్లకి భుజమెక్కుద్ది. మంచం తిరుగుతాది కదా, దాంతో పాటు బిడ్డా తిరుగుద్ది. కళ్ళున్నోడే సెప్పగలడు."

"మరి మీ అబ్బాయికి తెలీదేటి ఇది?"

"ఆడికెలా తెలుత్తాది? ఆరేళ్ళకే మిషను హాస్టల్లో ఏసేసినాం. ఈస్టరు సెలవులకి వచ్చినప్పుడు, తెల్లారగట్ల ఇప్పపువ్వు ఏరడానికి నా ఎనకాల వచ్చీవోడు. ఆ ఏళకి బిడ్డ పైనే ఉంటాది. ఆడు సూసింది అదొక్కటే."

అంటే ఆయన మొన్న వాకిట్లో పడుకుని కూతురికి చూపించింది ఆకాశంలో ఉన్నది కాదు. నలభై ఏళ్ళ కిందట, పూల బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచిన ఒక పిల్లాడికి కనిపించింది.

"నీకు తెలిసి ఎన్నాళ్ళయింది అత్తా?"

"రెండేళ్ళు."

"నాకు సెప్పలేదేటి?"

"సెప్తే బండి ఆపుతావు. బండి ఆపితే ఆడు ఏటయిపోతాడు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. రోజూ అంతమంది ప్రాణాలు ఆ బండిలో ఎక్కి దిగుతుంటే, ఈవిడ కొడుకు మనసు చూసుకుని నోరు మూసుకుందా అని మూడు రోజులు మాట్లాడలేదు. ఆవిడా పట్టించుకోలేదు. ఆ కోపం చూపించే హక్కు నాకు ఎక్కువ రోజులు మిగల్లేదు. వారం తిరక్కుండా నేనూ అదే పని చేశాను.

పెళ్ళి నాలుగు రోజుల్లోకి వచ్చింది. ఆ సాయంత్రం వాకిట్లో మేమిద్దరమే ఉన్నాం. లోపల జాయ్స్ గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

"బిడ్డ ఎటుందయ్యా?" అని అడిగాను.

"పైన," అన్నాడు వెంటనే.

"కిందుంది."

గిన్నెలన్నీ తోమడం అయిపోయింది, జాయ్స్ వాటిని బోర్లించడం కూడా అయిపోయింది.

"ఎప్పుడూ పైనే ఉండీది," అన్నాడు చివరికి.

"తెల్లారగట్ల పైనుంటాదంట. మాపటేల కిందుంటాదంట. అత్త సెప్పింది."

లేచాడు. జీపు దాకా తడుముకుంటూ వెళ్ళి, సీటు కింద చెయ్యి పెట్టి, నాలుగు మడతల కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. కిందటేడు కంటి శిబిరంలో రాసిచ్చినది. ఏడాది పొడుగునా ఆయన దాని మీదే కూర్చుని బండి తోలాడు.

"మందు లేదంట. రేచీకటి. పుట్టుకతోనే వచ్చి నిదానంగా మూసుకుపోతాదంట. పగలు బానే ఉంటాది ఫ్లోరెన్సూ. మాపైతే దారికి రెండు పక్కలా గోడ కట్టేసినట్టుంటాది. లైటు పడిన ముక్కే కనపడతాది."

"మరి అన్నకి సెప్పేద్దాం."

"రమణి పెళ్ళి ఒక్కటీ తోలనీ. మాటిచ్చాను. నాలుక్కల్లా అక్కడ బయల్దేరిపోదాం, పొద్దుండగానే ఘాట్ ఎక్కేత్తాం. ఆ మర్నాడు తాళం నీ సేతిలో పెట్టేత్తాను. ఒట్టు."

కాదనవలసింది. కానీ ఆయన నా చెయ్యి వదలకుండా పట్టుకున్నాడు. సరే అన్నాను. ఆ సరే నాదే, దాన్ని ఎవరి మీదకీ నెట్టను.

పెళ్ళి బాగా జరిగింది. అదే మా కొంప ముంచింది. పాస్టరుగారు దాంపత్యం గురించి గంటన్నర ప్రసంగించారు. తర్వాత కేకు, తర్వాత ఫోటోలు, అడిగిన ప్రతి చుట్టానికీ ఒకటి. విస్తళ్ళు వేసేసరికి మూడున్నర దాటింది. నాలుగింటికి జీపు దగ్గరకెళ్ళి నిలబడ్డాను. ఐదింటికి మళ్ళీ వెళ్ళాను.

"ఆడపెళ్ళివారం. గబాగబా లేచిపోతే ఏం బాగుంటాదే?" అని కసిరాడు మా అన్న.

రమణి టైటస్ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "నువ్వు తోలావు మావయ్యా, అంతే సాలు," అంది. బయల్దేరేసరికి ఆరు.

పదమూడు మందిమి ఉన్నాం, అందులో ఆరుగురు పిల్లలు. ముందు సీటులో ఆయన పక్కన జాయ్స్, తలుపు వైపు నేను. అమావాస్య దగ్గర పడింది, వెన్నెల లేదు. అడవిలో ఉండగానే చీకటి పడింది. వెనక మావాళ్ళు చప్పట్లు కొడుతూ పాటలు ఎత్తుకున్నారు. ఆ సందడిలో నేను మెల్లగా చెప్పడం మొదలుపెట్టాను.

"ఎడమ మలుపు. గేదె ఉంది. ఎదర బండొత్తంది, నిదానం."

ఆయన చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాడు. చెంపల మీద చెమట కారుతోంది. జాయ్స్ నా వైపు చూసింది, వాళ్ళ నాన్న వైపు చూసింది. కాసేపటికి తనూ అందుకుంది.

"కుడి పక్క రాయుంది నాన్నా."

పద్నాలుగేళ్ళ పిల్లని ఏ పనిలోకి దింపాను నేను? బండి ఆపమని చెప్పడానికి నోరు తెరిచాను. ఇంకో రెండు మలుపులు చూద్దాం అనుకుని మూశాను. ఘాట్ మొదలైంది. మూడో మలుపులో ఎదురుగా ఒక బైకు కళ్ళలోకి లైటు కొడుతూ దిగుతోంది. మేమిద్దరం దాన్నే చూస్తున్నాం. ఎడమ అంచున కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని నడుస్తున్న ఆడమనిషిని ఇద్దరిలో ఎవరమూ చూడలేదు.

ఠప్పుమని అద్దం పగిలింది. ఆయన బ్రేకు తొక్కాడు. వెనక పాట ఆగిపోయింది.

ఆమె లేచింది. ముందు అదే చూశాను, లేచి నిలబడింది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. అద్దం మోపుకి తగిలింది, తలకి తగల్లేదు.

"కళ్ళు నెత్తికెక్కాయేట్రా!" అని ఆమె తిడుతుంటే మా వాళ్ళందరూ దిగారు. ఆయన అప్పటికే దిగి, రోడ్డు మీద వంగి, చెదిరిపోయిన కట్టెలు ఏరుతున్నాడు. రెండు చేతులూ నేల మీద తిరుగుతున్నాయి. ఒక్క కట్టె కూడా దొరకడం లేదు. మా అన్న ఫోను లైటు వేసి పట్టుకుని ఆ చేతుల్ని చూస్తున్నాడు.

"ఏటి బావా? తాగినావేటి?"

"తాగలేదు బావా." ఆయన నడుం ఎత్తి నిలబడ్డాడు. "అందరూ ఓపాలి ముసలమ్మ మంచం సూడండి. బిడ్డ ఎటుంది?"

ఎవరికీ అర్థం కాలేదు. పిల్లల్లో ఒకడు మాత్రం "కింద!" అని అరిచాడు.

"నాకు పైన కనపడతంది," అన్నాడు టైటస్. "అదీ అబద్ధమే. నాకు ఏటీ కనపడ్డం లేదు. సీకటి పడితే నాకు కళ్ళు లేవు. ఇక్కడి నుంచి ఒక్క అడుగు తోలను. తెల్లారేదాకా అందరూ ఇక్కడే."

మా అన్న ఒక్క అంగలో వచ్చి ఆయన కాలరు పట్టుకున్నాడు.

"నా పిల్లల్ని ఎక్కించుకుని..."

"అన్నా," అన్నాను. "నాకు తెలుసు. తెలిసే ఎక్కించాను."

కాలరు మీద చెయ్యి సడలింది. మా అన్న ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగాడు. ఆమె కట్టెలన్నీ తనే ఏరి, మోపు కట్టి, తన నెత్తిన పెట్టుకుని, ఆమెని ఊరిదాకా దింపడానికి చీకట్లో నడిచి వెళ్ళిపోయాడు.

మా అన్న టైటస్‌ని క్షమించాడు. వర్షాలు పడేలోపే ఇంటికొచ్చి పక్కన కూర్చుని టీ తాగాడు. నాతో ఇప్పటికీ మాట్లాడడు. క్రిస్మస్‌కి పిండివంటలు పంపితే కూడా, ఇవి మావయ్యకీ జాయ్స్‌కీ అని పిల్లల చేత చెప్పించి పంపుతాడు. నాకు ఏడుపొస్తుంది గానీ తప్పు పట్టలేను. ఆ ముందు సీటులో కళ్ళున్న పెద్దదాన్ని నేనొక్కదాన్నే. జీపు ఇప్పుడు మల్లేశు అని మా ఊరి అబ్బాయి తోలుతున్నాడు. టైటస్ పగటిపూట స్టాండులో నిలబడి జనాన్ని పిలుస్తాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి నేను వెళ్ళి తీసుకొస్తాను.

ఆ రాత్రి ఘాట్‌లోనే పిల్లల్ని బండిలో పడుకోబెట్టాం. పెద్దవాళ్ళం కల్వర్టు గట్టు మీద కొంగులూ తువ్వాళ్ళూ కప్పుకుని కూర్చున్నాం. మే నెల అయినా ఆ ఎత్తులో చలి కొట్టింది. ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. ఆయన బండి ముందు మెట్టు మీద కూర్చుని, పగిలిన అద్దం చట్రాన్ని చేత్తో తిప్పుతూ ఉండిపోయాడు.

తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చేసరికి జాయ్స్ ఆయన పక్కన కూర్చుని ఉంది. ముసలమ్మ మంచం అవతలి కొండ మీదకి వాలిపోయింది. నేను లేవకుండా అలాగే ఉన్నాను.

"నాన్నా," అంది జాయ్స్. "బిడ్డ భుజమెక్కింది."

ఆయన చెయ్యి ఆగింది.

"నిజంగానా? నన్ను ఊరుకోబెట్టడానికి అంటన్నావా?"

"నిజంగా నాన్నా. నువ్వు సెప్పినట్టే ఉంది."

అప్పుడు తలెత్తాడు. మా వాకిలి కాదు కదా, దిక్కు తెలియలేదు. చుక్కలు ఒకవైపు ఉంటే ఆయన ఇంకోవైపు చూస్తూ, ఆత్రంగా చూస్తూ ఉన్నాడు. జాయ్స్ రెండు చేతులతో ఆయన గడ్డం పట్టుకుని, ముఖాన్ని మెల్లగా అటు తిప్పింది.